డీఅడిక్షన్ సెంటర్‌లో ఆరేళ్లు చేశాక మానేయాలనిపిస్తోంది, ఈ పనిలో ఉన్నవాళ్లు ఎట్లా తట్టుకుంటున్నారు?

పాలమూరు_కౌన్సిలర్

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్ వైపు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి ఆరేళ్లుగా ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా పని చేస్తున్నా. 30 పడకలు, ఇద్దరం కౌన్సిలర్లం, సైకియాట్రిస్ట్ సార్ వారానికి రెండుసార్లు వస్తారు. నా జీతం 17 వేలు. సెంటర్ పేరు అడగొద్దు.

ఈ పని ఇష్టం లేక రాస్తున్నది కాదు ఇది. చేరిన కొత్తలో ఇంటికెళ్లి మా అమ్మకు రోజూ చెప్పేవాణ్ని, ఇవాళ ఫలానా ఊరాయన చేయి వణకకుండా అన్నం కలుపుకుని తిన్నాడు అని. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా ఏమైంది అని అడిగితేనే చిరాకు వస్తోంది. పోయిన నెలలో మా బాబు స్కూల్లో పడి మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చి ఏడుస్తుంటే నాకు ఏమీ అనిపించలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి నన్ను పక్కకు జరిపి వాణ్ని ఎత్తుకుంది. ఆ రోజు నుంచి నాకే భయంగా ఉంది.

ఈ వైపు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా దగ్గరకు వచ్చేవాళ్లలో వైన్స్ మందు తాగేవాళ్లు ఒక రకం, మందు కల్లు వాళ్లు ఇంకో రకం. చెట్టు కల్లు వేరు, ఇది వేరు. క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, అల్ప్రాజోలం లాంటివి కలిపి అమ్మేదాన్ని అసలు కల్లు అనడమే తప్పు. తాగేవాళ్లకు తమది నిద్రమాత్రల అలవాటని తెలియదు, కల్లే కదా సార్ అంటారు. కూలి నుంచి వచ్చి ఒళ్లు నొప్పులని సీసా తాగే ఆడవాళ్లూ ఉన్నారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోతే నిజామాబాద్‌లో, మా జిల్లాలో ఎంతమంది ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రుల్లో పడ్డారో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నా. మా పక్కింటి ముసలాయన మూడు రాత్రులు ఎవరినో పిలుస్తూ, గోడలు తడుముతూ తిరిగాడు, పిల్లలు రాళ్లు విసిరారు. నేను ఈ చదువులోకి వచ్చింది ఆయన వల్లే.

రెండు నెలల కింద ఒకాయన చనిపోయాడు. కోస్గి వైపు ఊరు, పుణెలో సెంట్రింగ్ పని చేసి వచ్చినవాడు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మా దగ్గర మూడుసార్లు ఉన్నాడు. మూడోసారి ఇంటికెళ్లిన పదమూడో రోజు రక్తం కక్కుకుని పోయాడు. భార్య ఫోన్ చేసి చెప్పింది. తిట్టలేదు, నిందించలేదు. "మీరు చెప్పినట్టే చేసినం కద సార్" అని మాత్రం అన్నది. తిట్టినా బాగుండేది.

నా నంబర్ నాలుగు వందల కుటుంబాల దగ్గరైనా ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మళ్లీ తాగొచ్చాడు సార్ అని ఏడుస్తారు, కూరలో కలిపే మందు ఏదైనా ఇవ్వమంటారు. ఫోన్ ఎత్తకపోతే నిద్ర పట్టదు, ఎత్తినా పట్టదు. కల్వకుర్తిలో మా బావ ఎరువుల దుకాణంలో లెక్కలు చూసే పని ఉంది, 20 వేలు ఇస్తానంటున్నాడు. ఈ పనిలో ఉన్నవాళ్లు, ఉండి మానేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి. ధైర్యంగా ఉండు అనే మాటలు వద్దు, అవి నేనే రోజూ పది మందికి చెప్తున్నా.

నల్లగొండ_సిస్టర్

తమ్ముడూ, నీ కొడుకు మోకాలి సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. నాకూ ఇట్లాగే అయింది. మా అత్తమ్మ పోయినప్పుడు ఇల్లంతా ఏడుస్తుంటే నేను ఆమె చేతికి ఉన్న సెలైన్ సూది తీసి, ప్లాస్టర్ వేసి, టైం ఎంతైందో చూసుకున్నాను. ఏడుపు నెల తర్వాత వచ్చింది, బస్సులో.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, 11 ఏళ్ల సర్వీసు, అందులో నాలుగేళ్లుగా మానసిక విభాగం వార్డు. కార్తీకం వచ్చిందంటే మాకు మాలలు వేసుకున్నవాళ్లు మొదలవుతారు. ఏళ్ల తరబడి రోజూ రెండు మూడు క్వార్టర్లు తాగిన మనిషి ఒక్కసారిగా మానేసి మాల వేసుకుంటాడు, మర్నాడో ఆ మర్నాడో ఫిట్స్‌తో తీసుకొస్తారు, స్వామికి కోపం వచ్చిందని ఇంటివాళ్లు అనుకుంటారు. మానడం మంచిదే. కానీ అంతగా తాగే మనిషి డాక్టర్‌కు చూపించుకోకుండా ఒక్క రోజులో ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు మూడు రోజులకు మతి తప్పడం, ప్రాణం మీదికి కూడా రావచ్చని ఊళ్లో చెప్పేవాళ్లు లేరు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలన్న సంగతి కొన్ని చిన్న క్లినిక్‌లలో ఇప్పటికీ పట్టించుకోరు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక రాత్రి ఒకాయన దుప్పటి మీద చీమలు ఏరుతూ కూర్చున్నాడు. అక్కడ చీమలు లేవు. పడుకోబెట్టబోతే మోచేత్తో కొట్టాడు, నా పెదవి చిట్లింది. డ్యూటీలో 40 మందికి ఇద్దరమే ఉన్నాం, ఐస్ పెట్టుకోవడానికి కూడా తీరిక లేదు. నాలుగో రోజు పొద్దున అదే మనిషి లేచి కూర్చుని, "అమ్మా, ఇది ఏ ఊరు? చాయ్ దొరుకుతదా?" అని అడిగాడు. నేనే తెప్పించి ఇచ్చాను. ట్రాన్స్‌ఫర్ అడిగితే ఇచ్చేవాళ్లే, ఇట్లాంటి పొద్దులు నెలకు రెండు మూడు వస్తాయి కాబట్టి అడగలేదు.

నేను చేసుకున్న ఏర్పాట్లు చెప్తాను. రెండో సిమ్ తీసుకున్నాను, పేషెంట్ల ఇంటివాళ్లకు అదే ఇస్తాను, ఎనిమిదింటికి ఆపేస్తాను. ఆపేశాక ఎవరికి చేయాలో కూడా చీటీ మీద రాసిస్తాను: 14416 టెలి మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు పదార్థాల గురించి 14446. ప్రాణం మీదికి వస్తే 108. చీటీ ఇచ్చినప్పటి నుంచి నాకు అపరాధ భావన సగం తగ్గింది. నైట్ డ్యూటీ దిగాక బట్టలు మార్చుకునే గదిలో ఇంకో సిస్టర్‌తో పది నిమిషాలు కూర్చుని ఆ రాత్రి ఏం జరిగిందో అంతా చెప్పేసుకుంటాం, అప్పుడే ఇంటికి పోతాం. మొదట్లో టైం వేస్టు అనిపించింది.

కూరలో కలిపే మందు మాత్రం ఎంత బతిమాలినా ఎవరికీ చెప్పకు. అట్లా కలిపేది డైసల్ఫిరామ్, అది తెలియకుండా తిని పైన మద్యం తాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. అది తాగేవాడికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు.

ఒకటి అడుగుతాను, ఇష్టముంటేనే చెప్పు. ఆయన మూడోసారి మీ దగ్గరికి ఎట్లా వచ్చాడు? అన్నీ రాశావు, అదొక్కటే రాయలేదు.

సూర్యాపేట_వాసి

బ్రదర్, నేను మానేసినవాణ్ని. గ్రాంటు మీద నడిచే ఒక సెంటర్‌లో నాలుగేళ్లు చేశాను. గ్రాంటు వస్తేనే జీతం, ఒకసారి ఏడు నెలలు రాలేదు. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి ఇంటి కిరాయి కట్టాను. పొద్దున గ్రూప్ సెషన్‌లో కుటుంబ బాధ్యత గురించి క్లాసు చెప్పి, సాయంత్రం ఇంటాయన ఎదురుపడకుండా వెనక సందులోంచి ఇంట్లోకి పోయేవాణ్ని. చివరికి పేషెంట్ల మీద కోపం రావడం మొదలైంది. వీడు తాగి చెడగొట్టుకున్నాడు, నేను తాగకుండానే ఇట్లా ఉన్నాను అనిపించేది. ఆ ఆలోచన వచ్చిన వారంలోనే రాజీనామా ఇచ్చాను, ఆ కోపంతో వాళ్ల ముందు కూర్చోవడం తప్పనిపించింది.

ఇప్పుడు ఒక సిమెంటు డీలర్ దగ్గర చేస్తున్నా. ఒకటో తారీఖు జీతం పడుతుంది, నిద్ర పడుతుంది. కానీ బస్టాండులో ఎవరైనా పాత పేషెంటు కనబడి "సార్ రెండేళ్లయింది ముట్టి" అంటే ఆ రోజంతా ఇంకేదీ గుర్తుండదు. రెండూ నిజమే, నువ్వే చూసుకో. మానేస్తే మాత్రం పారిపోయినట్టు అనుకోకు.

ఇద్దరు_బిడ్డల_తల్లి

సార్ నేను మీ అసొంటి పని చేసేదాన్ని కాదు. మా ఆయన్ని మూడుసార్లు సెంటర్ల వేసినం, మీది కాదు వేరే కాడ. మొదటిసారి వచ్చినంక నాలుగు నెలలు మంచిగున్నడు, రెండోసారి పదకొండు నెలలు. మళ్ల తాగుతున్నడు ఇప్పుడు, నిజమే. ఊళ్లె అందరు పైసలు దండుగ అంటరు. కని ఆ పదకొండు నెలలల్ల మా పెద్దబిడ్డ పదో తరగతి రాసింది. ఇంట్ల లొల్లి లేకుంట, లైట్ తీసేస్తడేమో అని భయం లేకుంట కూసోని చదివింది. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతుంది. ఆ కౌన్సిలర్ సార్‌కు ఈ సంగతి తెల్వది, మేం చెప్పలే. పైసలు కట్టి బిడ్డను ఎంట వెట్టుకొని వచ్చినం గని ఆయన మళ్ల తాగిండని సిగ్గయి ఫోన్ చెయ్యలే. మీ నంబర్‌కు రాత్రి ఫోన్ చేసేటోళ్లు ఉంటరు, ఫోన్ చెయ్యనోళ్లు కూడ ఉంటరు సార్.

పాలమూరు_కౌన్సిలర్

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను.

సిస్టర్ అడిగినదానికి జవాబు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మూడోసారి ఆయన సొంతంగా రాలేదు. మా సెంటర్‌లో పికప్ అని ఉంటుంది. ఇంటివాళ్లు ఫోన్ చేస్తే రాత్రి వ్యాన్‌లో నలుగురు పోతారు, నిద్రలో ఉన్నవాణ్ని పట్టుకుని ఎక్కిస్తారు. దానికి వేరే డబ్బు. ఆ రాత్రి ఒక అబ్బాయి సెలవులో ఉంటే నన్ను తోడు పొమ్మన్నారు. చేయి పట్టుకున్నది నేను. ఆయన నన్ను గుర్తుపట్టి, "సార్, మీరు కూడనా" అన్నాడు.

ఆ నెల రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. అంతకుముందు రెండుసార్లు మనసు విప్పి మాట్లాడిన మనిషి, పుణెలో పరంజా మీద నుంచి తమ్ముడు పడిపోయిన సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈసారి తల దించుకుని ఆఁ, సరే, అట్లాగే సార్ అనేవాడు. ఫైల్లో "సహకరిస్తున్నాడు" అని రాసింది కూడా నేనే. కాలేయం పాడైన సంగతి డాక్టర్ సార్ చెప్పారు, ఎట్లా వచ్చినా ఆయన బతికేవాడు కాదేమో. కానీ చివరి నెలలో ఆయనకు మాట్లాడే మనిషి లేకుండా చేసింది మాత్రం ఆ వ్యానే.

వనపర్తి_పీఎస్‌డబ్ల్యూ

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మీరు మొదట రాసినదానికీ ఇప్పుడు రాసినదానికీ చాలా తేడా ఉంది. రెండూ అలసటే, కానీ రెండిటికీ మందు ఒకటి కాదు.

మొదటిది బర్నౌట్. ఆ మాట మొదలైందే మనలాంటి వాళ్ల దగ్గర. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు న్యూయార్క్‌లో పగలంతా తన క్లినిక్ చూసుకుని రాత్రిళ్లు ఒక ఉచిత క్లినిక్‌లో పని చేసేవాడు, మత్తు అలవాటున్న కుర్రాళ్లు వచ్చే చోటు అది. ఎంతో ఇష్టంగా వచ్చిన వాలంటీర్లు కొన్ని నెలలకు ఎట్లా మాడిపోతున్నారో, తాను ఎట్లా అయ్యాడో చూసి 1974లో దాని మీద వ్యాసం రాశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దాన్ని మూడు లక్షణాలుగా చూసింది: ఒంట్లో, మనసులో ఏమీ మిగలకపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కనిపించకపోవడం, చేసిందానికి విలువ లేదనిపించడం. మీ బాబు మోకాలి సంగతి ఈ లెక్కలోదే. దీనికి సిస్టర్ చెప్పినవి పనికొస్తాయి: సిమ్ ఆపడం, ఎవరితోనైనా చెప్పుకోవడం. వాటితో పాటు సెలవు, ఒక మనిషి మీద 15 కేసులు పడకుండా చూసుకోవడం. మీకు పైన అడిగేవాళ్లు తప్ప, మీ కేసులు విని మిమ్మల్ని నడిపించే సీనియర్ ఉన్నారా? లేరనే అనుకుంటున్నా. డబ్బు ఇవ్వలేని యాజమాన్యం కూడా అదొక్కటి ఏర్పాటు చేయొచ్చు, నెలకు రెండు గంటలు చాలు.

లెక్క గురించి కూడా ఒక మాట. అమెరికాలో చూసిన లెక్కల ప్రకారం మత్తు వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడతారు. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు మళ్లీ మొదటికి రావడం 50 నుంచి 70 శాతం. బీపీ పెరిగి మళ్లీ వచ్చిన పేషెంటును చూసి డాక్టర్ నేను ఓడిపోయానని ఇంటికెళ్లి పడుకోడు, మందు మారుస్తాడు. మన సెంటర్లేమో "నూటికి నూరు శాతం మాన్పిస్తాం" అని ఆటోల వెనక బోర్డులు కడతాయి, ఆ బోర్డు బరువు కౌన్సిలర్ మోస్తాడు. పై అమ్మ రాసిన పదకొండు నెలలు ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు చూడండి.

రెండో అలసట వేరు. తప్పని తెలిసిన పని చేయాల్సి వచ్చినప్పుడు వచ్చేది అది, సెలవు పెట్టి పడుకుంటే పోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి. మనిషి తనంతట నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉంటే అతని ఒప్పుకోలు లేకుండా చేర్చుకోకూడదు. నిజంగా ఆ స్థితిలో లేకపోతే నామినేటెడ్ ప్రతినిధి (పేషెంటు తరఫున నిర్ణయాల్లో తోడుండే మనిషి) దరఖాస్తు, సైకియాట్రిస్టుతో పాటు ఇంకొకరి పరీక్ష, 30 రోజుల గడువు ఉంటాయి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. కదలకుండా పట్టి ఉంచడం కూడా అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితో. రాత్రి నలుగురు వ్యాన్‌లో పోయి ఎత్తుకురావడం ఇందులో ఎక్కడా లేదు. ఇంటివాళ్ల బాధ నాకు తెలుసు, కత్తి పట్టుకుని తిరిగే కొడుకును ఏం చేయాలి సార్ అని అడిగిన తల్లిని నేను చూశాను. దానికి పోలీసులు, 108, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి, అవి కష్టమైన దారులే అయినా.

ఎరువుల దుకాణానికి వెళ్లినా ఈ రెండోది మీతో వస్తుందని నా అనుమానం. ముందు వ్యాన్ సంగతి తేల్చుకోండి, ఉద్యోగం సంగతి తర్వాత.

మిర్యాలగూడ_హమాలి

అన్నా, నేను తాగినవాణ్ని. రైస్‌మిల్లులో హమాలీ పని, బస్తా దింపితే క్వార్టర్, ఎత్తితే క్వార్టర్. తొమ్మిదేళ్లయింది మానేసి. ఐదేళ్ల నుంచి ఒక సెంటర్‌లో వార్డు చూసుకుంటున్నా.

నా మాదిరోళ్ల సంగతి ఎవరూ రాయలేదని రాస్తున్నా. సెంటర్లలో సగం పని మా మీదే నడుస్తది. నీకు తెలుసు కదా అని నైట్లన్నీ మాకే వేస్తరు. కొత్తగా వచ్చినాయన్ని బండి దింపుతుంటే ఆ వాసన తగులుతది చూడు, తొమ్మిదేళ్లయినా నోట్లో నీళ్లూరుతయి, అబద్ధం చెప్పను. ఆ రాత్రి వార్డు చూసేది నేనే. నాతో పాటు చేరిన ఇద్దరు మళ్లీ తాగి పోయిండ్రు, ఒకాయన మందుల గదిలో మాత్రలు మింగుడు మొదలుపెట్టిండు.

మూడో ఏడు నాకూ నీ లెక్కనే అయింది. తాగుడు మానినోళ్లు కలిసి కూసుని చెప్పుకునే మీటింగ్‌కు పోతే అక్కడ కూడా మా పేషెంట్లే కూసుని ఉంటరు. వాళ్ల ముందు నాకు తాగాలనిపిస్తుందని ఎట్లా చెప్పుకోను? చెప్పుకోకుండా చెప్పుకోకుండా ఒకరోజు బెల్టు షాపు ముందు బండి ఆపిన. దిగలే. మా స్పాన్సర్‌కు, అంటే నాకన్నా ముందు మానేసి నాకు తోడుండే ఆయనకు, ఫోన్ చేస్తే, నువ్వు ఏడాది నుంచి ఉద్యోగానికి పోతున్నవు గని మీటింగ్‌కు రాలేదు అన్నడు. అప్పటి నుంచి మా పేషెంట్లు రాని వేరే ఊరి మీటింగ్‌కు పోతున్నా, ఆదివారం ఆదివారం, బస్సుకు 70 రూపాయలు. ఆడ నేను వార్డు సార్‌ను కాదు, నా పేరు చెప్పుకుని నేను తాగుబోతుని అని కూసుంట.

కోస్గి ఆయన గురించి. నన్ను కూడా ఎత్తుకొచ్చిండ్రు మొదటిసారి. పట్టుకున్నోళ్ల మొఖాలు ఇంకా యాదికున్నయి. కని నీళ్లు తాగించి, కాళ్లకు చెప్పులు తొడిగిన ఒకాయన మొఖం కూడా యాదికుంది. నువ్వు ఆ ఇంటికి ఒకసారి పోయి రా అన్నా. ఏం చెప్పాలో ముందే అనుకోకు, పోయి కూసో.

పాలమూరు_కౌన్సిలర్

పోయొచ్చాను. పాత బస్సు, కోస్గిలో దిగి ఆటోలో ఏడు కిలోమీటర్లు. ఇంటి ముందు కందులు ఎండబోసి ఉన్నాయి. ఆ అమ్మ నీళ్లిచ్చింది. ఆ రాత్రి చేయి పట్టుకున్నది నేనే అని చెప్పాను, తనకు తెలుసంది. ఫోన్ చేసి పిలిపించింది తనే కదా, తనకూ నిద్ర పట్టడం లేదంది. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పరంజా మీద నుంచి పడ్డ తమ్ముడి సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలా వద్దా అని ఆలోచించి, ఆయన ఎప్పుడూ తమ్ముడి గురించే మాట్లాడేవాడని మాత్రం చెప్పాను. ఆమెకు విడోస్ పెన్షన్, చిన్నపిల్లకు స్కాలర్‌షిప్ ఏవి వస్తాయో అన్న వివరాలు రాసుకొచ్చాను, మండలాఫీసులో కనుక్కోవాలి.

సోమవారం సెంటర్ నడిపే మా సార్‌తో మాట్లాడాను. పికప్‌కు నేను పోను, అట్లా ఎత్తుకొచ్చిన పేషెంట్లకు కౌన్సెలింగ్ కూడా వాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టాకే చేస్తానని కాగితం మీద రాసి ఇచ్చాను. చట్టం మాట ఎత్తగానే ముఖం మారింది. నెలాఖరుకు చెప్తానన్నాడు. వద్దంటే మానేస్తాను, కానీ ఎరువుల దుకాణానికి కాదు, జిల్లా ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టులు పడితే చూస్తాను. బావకు ఈ మాట చెప్తే కోప్పడ్డాడు.

సిస్టర్, సిమ్ తీసుకున్నాను. మొన్న రాత్రి తొమ్మిదింటికి బాబుతో కూర్చుని వాడి డ్రాయింగ్ బుక్ మొత్తం చూశాను, అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చూపించాడు.

హమాలి అన్నా, తాగని మనిషి కూడా వచ్చి కూర్చునే మీటింగ్‌లు ఉంటాయని విన్నాను. మీ ఆదివారం మీటింగ్ అట్లాంటిదేనా, ఎన్నింటికి?

మిర్యాలగూడ_హమాలి

నెలల మొదటి ఆదివారం అందరూ రావొచ్చు, పొద్దున పదింటికి. ముందు రోజు ఇక్కడ మెసేజ్ పెట్టు, బస్టాండ్ కాడ నిలబడత.